గొడ్డలా, పెద్ద కత్తా? పిల్లల పాచికల ఆటలో ఒక లెక్కల పాఠం



ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల రఫ్ నోట్సు చివరి పేజీలు ఈ మధ్య మీరు తిరగేసి ఉంటే, అక్కడ ఇలాంటి రాత ఒకటి కనిపించి ఉండొచ్చు: “గ్రేట్‌స్వర్డ్, 2డి6+3, గ్రేజ్. టు హిట్ +5. గాబ్లిన్ ఏసీ 15.” పక్కనే ఒక కత్తి బొమ్మ. బ్యాగు అడుగున, పెన్సిల్ చెక్కుల మధ్య, ఇరవై ముఖాల ప్లాస్టిక్ పాచిక. దీని గురించి పేరెంట్-టీచర్ మీటింగుల్లో మమ్మల్ని అడిగే ప్రశ్నలు మూడు. ఇది జూదమా? ఇంత కొట్లాట ఉన్న ఆట పిల్లలకు మంచిదేనా? ఫౌండేషన్ క్లాసుల మధ్య దీనికి టైమ్ ఎక్కడుంది?

మూడూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఆ నోట్సులోని లైను చదవడం మీకు వస్తే, సగం జవాబు మీరే చెప్పుకోగలరు. పాచిక లాక్కుని అల్మరాలో పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు. అందుకని ఈ నెల లెక్కల పేజీ మొత్తం ఆ ఒక్క లైనుకే ఇస్తున్నాం.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు కథలో ఒక్కో పాత్ర: ఒకడు యోధుడు, ఒకామె విలుకత్తె, ఇంకొకరు మంత్రగాడు. ఇందులో పిల్లలంతా ఒకే పక్షం, ఒకరిమీద ఒకరు గెలవడం ఉండదు. పని అవుతుందో లేదో తెలియనప్పుడు, ముఖ్యంగా యుద్ధంలో, పాచిక వేస్తారు.

ఇదంతా మనకు పరాయిదేమీ కాదు. పులి-మేక ఆడినవాళ్లకు తెలుసు, పులికి ఒక రూలు, మేకకు ఇంకో రూలు. పులి దూకి చంపగలదు, మేక చంపలేదు, కానీ నలుగురూ కలిసి పులిని కట్టడి చేయగలవు. ఇక ఆయుధానికో నియమం అన్న ఊహ భారతం విన్న ఏ ఇంట్లోనైనా ఉంది. కర్ణుడి దగ్గరున్న ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. దాన్ని అర్జునుడి కోసం దాచుకుంటే ఘటోత్కచుడిమీద వాడాల్సి వచ్చింది. నారాయణాస్త్రం ఆయుధం పట్టినవాణ్నే వెంటాడుతుంది, కింద పడేసి నిలబడితే వదిలేస్తుంది. మన పిల్లలు నోట్సులో రాసుకుంటున్నదీ ఇలాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రతి నియమానికీ ఒక అంకె ఉంటుంది.

ఇప్పుడు ఆ లైను విప్పుదాం.

“డి” అంటే డైస్, పక్కనున్న అంకె ముఖాల సంఖ్య. డి20 అంటే ఇరవై ముఖాల పాచిక. 2డి6 అంటే మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కూడటం. “ఏసీ” అంటే ఆర్మర్ క్లాస్, శత్రువుకు దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె. గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడికి అది 15. “టు హిట్ +5” అంటే మన యోధుడి బలానికి 3, ఆ ఆయుధంలో శిక్షణకు 2. పాచిక మీద పడిన అంకెకు 5 కలిపితే 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావాలి. అంటే పాచిక మీద కనీసం 10 పడాలి.

10 నుంచి 20 దాకా ఎన్ని అంకెలు? చాలామంది పెద్దవాళ్లు పది అంటారు. పదకొండు. ఇరవైలో పదకొండు, అంటే 55 శాతం. ఇదే తప్పు పరీక్ష పేపర్లలో ఎన్నోసార్లు చూస్తుంటాం. ఈ ఆట ఆడే పిల్లలు మాత్రం ఇందులో తొందరగా కుదురుకుంటారు, తప్పు లెక్క వేస్తే వాళ్ల యోధుడే దెబ్బ తింటాడు కాబట్టి.

దెబ్బ తగిలితే 2డి6+3. రెండు పాచికల సగటు 7, దానికి 3 కలిపితే 10. ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. యోధుడి ముందు రెండు ఆయుధాలు ఉన్నాయి: గ్రేట్‌స్వర్డ్, అంటే రెండు చేతులా పట్టుకునే పెద్ద కత్తి. గ్రేట్‌యాక్స్, అంటే పెద్ద గొడ్డలి. గొడ్డలికి పన్నెండు ముఖాల పాచిక ఒక్కటే, 1డి12. ఏది తీసుకోవాలి?

“రెండింటికీ ఎక్కువలో ఎక్కువ 12, కాబట్టి రెండూ ఒకటే” అని మొదట అనిపిస్తుంది. కాదు. గొడ్డలి సగటు 6.5, కత్తి సగటు 7. తేడా సగటులో కన్నా అంకెలు పడే తీరులో ఎక్కువ ఉంది. డి12లో 1 నుంచి 12 దాకా అన్ని అంకెలూ సమానంగా పడతాయి. రెండు ఆరు ముఖాల పాచికల్లో 36 రకాల పాట్లు ఉంటే, 7 ఆరు రకాలుగా వస్తుంది, 12 ఒక్క రకంగానే వస్తుంది. కాబట్టి గొడ్డలితో పూర్తి 12 పడే అవకాశం 36లో 3, కత్తితో 36లో 1. గొడ్డలి తెగువ ఉన్నవాడిది, కత్తి నికరంగా వెళ్లేవాడిది. పదో తరగతి గణితంలో సంభావ్యత పాఠం రెండు పాచికల పట్టికతో నడిచేది ఇందుకే. మీ పిల్లవాడు దానికి ఏడాది ముందే ఆ పట్టిక గీసుకున్నాడేమో చూడండి.

మొదట్లో ఈ ఆటలో ఈ తేడాలేవీ లేవు. 1974 నాటి మొదటి రూల్స్‌లో ఏ ఆయుధం పట్టినా దెబ్బ ఒక్క ఆరు ముఖాల పాచికే. చాకూ అయినా, గండ్రగొడ్డలి అయినా అంతే. మరుసటి ఏడాది వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో ఆయుధానికో పాచిక వచ్చింది. యాభై ఏళ్లకు, 2024లో వచ్చిన కొత్త రూల్స్ పుస్తకంలో, ప్రతి ఆయుధానికీ ఒక ప్రత్యేక గుణం చేర్చారు. దాన్ని మాస్టరీ అంటారు. మన లైనులో మిగిలిన “గ్రేజ్” అదే.

గ్రేజ్ అంటే గీసుకుపోవడం. కత్తి గురి తప్పినా యోధుడి బలమంత, అంటే 3 పాయింట్ల దెబ్బ తగులుతుంది. గొడ్డలి గుణం పేరు క్లీవ్. ఒక శత్రువుకు తగిలితే, వాడిని ఆనుకుని, గొడ్డలికి అందేంత దూరంలో ఉన్న రెండోవాడిమీద కూడా ఒక వేటు వేయవచ్చు. ఆ రెండో దెబ్బకు బలం కలపరు, పాచిక మీద పడినంతే.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. 20 పడితే వచ్చే అదనపు దెబ్బను లెక్క తేలికగా ఉండటానికి పక్కన పెడదాం.

శత్రువు ఒక్కడే ఉన్నప్పుడు కత్తి: 55 శాతం సార్లు సగటున 10, అంటే 5.5. మిగతా 45 శాతం సార్లు గీతకు 3, అంటే 1.35. మొత్తం 6.85. గొడ్డలి: 55 శాతం సార్లు 9.5, అంటే సుమారు 5.2. కత్తిదే పైచేయి.

శత్రువులు ఇద్దరు పక్కపక్కనే ఉంటే? కత్తి అక్కడే 6.85 దగ్గర ఆగిపోతుంది. గొడ్డలికి రెండో వేటు కలవాలి. మొదటిది తగిలితేనే రెండోది, అదీ తగలాలి. 0.55ను 0.55తో గుణిస్తే 0.3025. దాన్ని 6.5తో గుణిస్తే దాదాపు 2. మొత్తం 7.2 దగ్గరికి వస్తుంది. ఇప్పుడు గొడ్డలి గెలిచింది.

ఇంకో సంగతి. గాబ్లిన్‌కు ఇంకా 3 పాయింట్ల ప్రాణమే మిగిలి ఉందనుకోండి. కత్తి తగిలినా పడిపోతాడు, తప్పినా పడిపోతాడు. గొడ్డలి పట్టినవాడికి మాత్రం ఇంకా 45 శాతం భయం ఉంది. కాబట్టి “ఏ ఆయుధం మంచిది” అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఎంతమంది ఉన్నారు, ఎలా నిలబడ్డారు, ఎంత ప్రాణం మిగిలింది అని ముందు అడగాలి. లెక్క ఇంతటితో తెగిందా అంటే అదీ లేదు. ఈ రెండు ఆయుధాలకూ రెండు చేతులూ కావాలి. డాలు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. డాలు ఏసీని 2 పెంచుతుంది, అంటే శత్రువు ఇరవై పాట్లలో రెండు పాట్లు ఎక్కువ తప్పుతాడు. మన వైపు ఒక్కడే ముందు నిలబడి కాయాల్సి వస్తే, ఎక్కువ దెబ్బ కొట్టడం కన్నా తక్కువ దెబ్బ తినడమే మేలు కావచ్చు.

మా దృష్టిలో ఆటలో అన్నింటికన్నా విలువైన రూలు ఇంకొకటి ఉంది. దాని పేరు అడ్వాంటేజ్. పరిస్థితి మీకు అనుకూలంగా ఉంటే డి20 రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుంటారు. ప్రతికూలమైతే రెండుసార్లు వేసి చిన్నది. 10 కావాల్సిన చోట ఒక్క పాచికకు 55 శాతం అనుకున్నాం. రెండూ తప్పే అవకాశం 0.45 ఇంటూ 0.45, అంటే 20 శాతం చిల్లర. కాబట్టి అడ్వాంటేజ్‌తో దాదాపు 80 శాతం. ప్రతికూలమైతే రెండూ తగలాలి: 30 శాతం. అదే 20 పడితేనే తగిలే చోట, అడ్వాంటేజ్ 5 శాతాన్ని 10కి చేరుస్తుంది, అంతే. సాయం ఒకటే, ఫలితం మాత్రం ఎక్కడున్నామన్నదాన్ని బట్టి మారిపోతోంది. “కనీసం ఒక్కసారి” అని ఉన్న సంభావ్యత లెక్కను “ఒక్కసారీ కాకపోవడం” నుంచి తీసేయాలని బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కని పిల్లలకు ఇది ఆటలో ఎక్కుతుంది.

ఈ అడ్వాంటేజ్ ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు పక్కవాడి ఆయుధం నుంచి. మన పల్లెల్లో కర్రసాము చూసినవాళ్లకు తెలుసు, కర్ర తిప్పేవాడు ఎదుటివాడి తలకన్నా కాళ్లమీద ఎక్కువ కన్నేస్తాడు. ఆటలోనూ పొడవాటి కర్ర గుణం టాపుల్, అంటే పడగొట్టడం. కర్ర తగిలితే శత్రువు డి20 వేసి తట్టుకోవాలి. మన యోధుడి విషయంలో వాడికి రావాల్సింది 8కి బలం 3, శిక్షణ 2 కలిపి 13. గాబ్లిన్‌కు కలుపుకోవడానికి ఏమీ లేదు కాబట్టి 13 నుంచి 20 దాకా ఎనిమిది ముఖాలు, 40 శాతం. అంటే 60 శాతం సార్లు కింద పడతాడు. కర్ర దెబ్బ స్వయంగా చాలా చిన్నది, ఒక చేత్తో 1డి6, రెండు చేతులతో 1డి8. కానీ పడ్డవాడి మీద దగ్గరినుంచి కొట్టేవాళ్లందరికీ అడ్వాంటేజ్.

ఇక్కడొక మెలిక ఉంది. కింద పడ్డవాడిని దూరంనుంచి బాణంతో కొట్టడం కష్టం. ఐదు అడుగుల కన్నా దూరంలో ఉన్నవాళ్లకు అది ప్రతికూలం. అంటే మీ అబ్బాయి గొప్పగా కర్ర తిప్పి గాబ్లిన్‌ను పడగొడితే, కత్తి పట్టిన స్నేహితుడు సంతోషిస్తాడు, విల్లు పట్టిన అమ్మాయి తల పట్టుకుంటుంది. పైగా గాబ్లిన్ తన వంతు రాగానే సగం నడక ఖర్చుపెట్టి లేచి నిలబడతాడు. కాబట్టి ఎవరి వంతు ముందో చూసుకుని, “నువ్వు ముందు వేసెయ్, తర్వాత నేను పడగొడతా” అని మాట్లాడుకోవాలి. క్లాసులో గ్రూప్ ప్రాజెక్టు ఇస్తే ఒక్కరు చేసి నలుగురు పేర్లు రాసుకోవడం మనందరికీ తెలిసిందే. ఇక్కడ అలా కుదరదు. నోరు తెరవని పిల్ల కూడా “ఆగు, పడగొట్టకు” అనాల్సిందే.

ఇంకో రూలు పెద్దల కోసం చెప్పాలి. ఈ మాస్టరీ గుణాలు ఆయుధంలో ఉన్నా అందరికీ పనిచేయవు. మంత్రగాడు కూడా కర్ర పట్టుకోగలడు, కొట్టగలడు. కానీ అతని కర్రకు పడగొట్టే గుణం రాదు, ఆ సాధన చేయలేదు కాబట్టి. మొదటి లెవెల్ యోధుడు కూడా మూడు రకాల ఆయుధాలకు మాత్రమే ఆ గుణాలు ఎంచుకోగలడు.

ఇక మీ మూడు ప్రశ్నలు.

కొట్లాట సంగతి. ఆటలో యుద్ధం ఉంది, దాచడానికేమీ లేదు. అయితే యుద్ధానికి నియమాలు ఉండటం వేరు, ఊరికే కొట్టుకోవడం వేరు. కురుక్షేత్రంలో మొదటి బాణం పడకముందే ఇరుపక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి: రథికుడు రథికుడితోనే, కాలిబంటు కాలిబంటుతోనే, ఆయుధం వదిలినవాణ్ని కొట్టకూడదు, భేరీలు శంఖాలు మోగించేవాళ్ల జోలికి పోకూడదు. ఆ నియమాలు ఎక్కడెక్కడ తప్పాయన్నదే ఆ కథలో పెద్ద బాధ. భీముడు తొడమీద కొట్టినందుకు బలరాముడు నాగలెత్తాడు. ఈ ఆటలో కూడా దగ్గరినుంచి కొట్టిన చివరి దెబ్బతో శత్రువును చంపకుండా స్పృహ తప్పించి వదిలేయవచ్చని రూలు స్పష్టంగా ఉంది. దానికి అదనపు పాచిక అక్కర్లేదు, “చంపను” అని చెబితే చాలు. మీ అమ్మాయి ఆ మాట ఎప్పుడైనా అందా అని అడిగి చూడండి. ఆ సంభాషణ మార్కుల సంభాషణ కన్నా బాగుంటుంది. 1980లలో అమెరికాలో తల్లిదండ్రులు ఈ ఆట పిల్లల్ని సైతాను పూజలోకి లాగుతుందని హడలిపోయారు. ఆ భయాలకు ఆధారం దొరకలేదు. మన భయం దెయ్యాల గురించి కాదు, ర్యాంకుల గురించి కాబట్టి ఆ చరిత్ర ఇక్కడితో చాలు.

జూదం సంగతి. పాచిక అనగానే మనకు శకుని గుర్తొస్తాడు, తప్పు లేదు. కానీ ధర్మరాజును ముంచింది పందెం. ఇందులో పందెం లేదు, డబ్బు చేతులు మారదు. 2017లో మన రాష్ట్రం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని. దీనికీ వాటికీ పోలిక లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఇదే ఆటను ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లతో వాయిస్ చాట్‌లో ఆడేవాళ్లూ ఉంటారు. మీ పిల్లలు ఎవరితో ఆడుతున్నారో మీకు తెలిసి ఉండాలి. డైనింగ్ టేబుల్ దగ్గర, తెలిసిన స్నేహితులతో అయితే ఆ బెంగ లేదు.

టైమ్ సంగతిలో మేము మీ పక్షం. ఒక్కసారి కూర్చుంటే మూడు నాలుగు గంటలు పడుతుంది. వారం వారం అయితే ఎక్కువ. యూనిట్ టెస్టులు అయ్యాక నెలకో ఆదివారం మధ్యాహ్నం అంటే సరిపోతుంది. ఇది ఆడితే మార్కులు పెరుగుతాయని మేము అనడం లేదు. దయచేసి దీన్ని మరో కోచింగ్‌గా మార్చకండి. మీరు పక్కన కూర్చుని “ఇప్పుడు శాతం ఎంత?” అని ప్రతి పాచికకూ అడిగితే, వచ్చే నెల పాచికను మీకు కనపడకుండా దాచేస్తారు.

అడగదగిన ప్రశ్న ఒకటుంది. మన దగ్గరి ఆయుధం ఒకటి చెప్పి దానికి రూలు రాయమనండి. ఉదాహరణకు వడిసెల. మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడానికి తిప్పేది, తెలంగాణ సాయుధ పోరాటంలో రైతులు, ఆడవాళ్లు చేతబట్టినది. దెబ్బకు ఏ పాచిక? ఎంత దూరం? గుణం ఏమిటి? పిల్లలు రాసుకున్నాక పుస్తకంతో పోల్చుకోవచ్చు. అందులో వడిసెలకు 1డి4 మాత్రమే. 30 అడుగుల దాకా మామూలుగా, 120 దాకా ప్రతికూలంగా వేయవచ్చు. గుణం స్లో, తగిలినవాడి నడక 10 అడుగులు తగ్గుతుంది. “అంత తక్కువా?” అని మీ ఇంట్లో నల్లగొండ వైపు తాతయ్య ఎవరైనా ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు రాయి ఎంత దూరం పోయేదో, ఎలా తిప్పేవాళ్లో ఆయన్నే చెప్పమనండి, రూలు మార్చేద్దురు గాని. ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి తీసుకెళ్తే ఇలాంటి ప్రశ్నలకు కొదవుండదు. పిడి అడ్డంగా ఉండే కటారుకు ఏ గుణం ఇవ్వాలన్నది ఒక్కటే అరగంట పంచాయితీ.

ఖర్చు గురించి కూడా అడుగుతున్నారు. ఖరీదైన పుస్తకాలు కొనాల్సిన పని లేదు. ఆట మూల నియమాలను కంపెనీయే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, పైన చెప్పిన ఆయుధాల పట్టిక కూడా అందులో ఉంది. యుద్ధభూమికి గ్రాఫ్ నోట్సు చాలు, ఒక గడి ఐదు అడుగులు. ఇరవై ముఖాల పాచిక లేకపోతే 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేయండి. తీసిన చీటీని చూసి మళ్లీ డబ్బాలోనే వేసి కలపాలి. వేయకుండా ఆడితే ఆట ఎలా మారిపోతుందో మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. చెప్పగలిగితే ఆ రోజుకు లెక్కల హోంవర్క్ అయినట్టే.